తొమ్మిదో పేజీ అడుగున

అక్కా,

చేతి మీద బొబ్బలు ఎండుతున్నాయని రాశావు, కాస్త ఊపిరి పీల్చుకున్నాను. కట్టు మార్చేటప్పుడు బావను సాయం పట్టమను.

కెటిల్ కంపెనీ మీద ఫిర్యాదు రాసిపెట్టమన్నావు. "అక్కడే పనిచేస్తున్నావుగా, నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది" అన్నావు. తెలుసు అక్కా. అదే వచ్చిన చిక్కు.

ఆ కెటిల్ మూత వదులని మా కంపెనీలో పోయినేడే తెలుసు. స్ప్రింగు వేద్దామని ఇంజనీరు మొత్తుకున్నాడు. ఒక్కోదానికి ఒక టీ తాగినంత ఖర్చు. కానీ లక్ష కెటిళ్లు. కాలినవాళ్లలో కోర్టుకెక్కేది ఏ నలుగురో, వాళ్లకి నష్టపరిహారం ఇచ్చుకోవడమే చవకని మీటింగులో తేల్చారు. "జాగ్రత్త పడటానికి కొన్నవాళ్లకి ఖర్చేముంది?" అన్నాడు మేనేజరు. అందరూ తలూపారు. నేనూ ఊపాను. తర్వాత, వాడే విధానం పుస్తకంలో ఒక వాక్యం చేర్చమని నాకే చెప్పారు.

"నీళ్లు వంచునప్పుడు మూతను రెండవ చేతితో పట్టుకొనవలెను." తొమ్మిదో పేజీ, అడుగున.

తమ్ముడి కంపెనీదని నువ్వు మురిసిపోతూ కొన్నప్పుడు కూడా నోరు విప్పలేదు. నీ రెండో చేతిలో పాప ఉంటుందని నాకు తట్టలేదు.

ఫిర్యాదు బావ చేత రాయించు. గట్టిగానే రాయమను. నా పేరు మాత్రం ఎత్తవద్దను. అడగడానికి సిగ్గుగానే ఉంది.

నెలలోపు జవాబు వస్తుంది. "గౌరవనీయ వినియోగదారునికి" అని మొదలై, తొమ్మిదో పేజీ చూడమంటుంది. కింద సంతకం మేనేజరుది. రాసేది నేనే. అందులో నిన్ను అక్కా అనడానికి వీల్లేదు.

నీ తమ్ముడు