సూరమ్మకు పెట్టిన అన్నం

శనివారం, రాత్రి

అన్నాలు తింటుంటే పాప ఆట మొదలుపెట్టింది: నేను రాసిన కథల్లోంచి భోజనానికి ఎవర్ని పిలుస్తానని. వీణలు చేసే తాతను, ఉప్పుమడుల గౌరిని అన్నాను.

"మరి సూరమ్మని పిలవవేటి?"

"చేపల వేటకెళ్లిన మొగుడి పడవ ఒడ్డుకొచ్చేదాకా అది ముద్ద ముట్టదు. పిలిసి ఏటి లాభం?"

"అయితే పడవని తెచ్చీ అమ్మా. రాసింది నువ్వే కదేటి!"

నవ్వేశాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. సూరమ్మను అలా ఒడ్డునే కూర్చోబెట్టి కథ ముగించినందుకే అందరూ మెచ్చుకున్నారు. పడవ వచ్చేస్తే ఇక అది కథేనా?

పడుకోబోతూ పాప ఓ కంచంలో అన్నం వడ్డించి మూతపెట్టింది. "సూరమ్మకి. ఎప్పుడొచ్చినా తింటాది."

మిగిలిన అన్నంలో రోజూ చద్దికి నీళ్లు పోసి పడుకుంటాను. ఇందాకట్నుంచి వంటింట్లోకి వెళ్లి వస్తున్నాను. ఆ కంచంలో నీళ్లు పోయడానికి చెయ్యి రావడం లేదు.