గుమ్మం ముందు బోర్డు

కొల్హాపూర్
సోమవారం

అమ్మా, ఇక్కడ అందరం కులాసా. ఫోనులో చెబితే నాన్న సగం విని పెట్టేస్తారని కార్డు రాస్తున్నాను.

నేనూ అత్తయ్యా కట్టే ముత్యాల నత్తులు ఆన్‌లైన్‌లో వేరే రాష్ట్రాలకు అమ్మాలంటే జీఎస్టీ నంబరు తప్పనిసరి. పెట్టిన అర్జీ తిరిగొచ్చింది. పాన్ కార్డులో మీరు పెట్టిన సుషమ, ఆధార్‌లో పెళ్ళినాడు మనవాళ్ళ ఆనవాయితీ ప్రకారం నీ అల్లుడు పళ్ళెంలో బియ్యం మీద రాసిన కొత్త పేరు ప్రాజక్త. "వీళ్ళిద్దరిలో వ్యాపారం ఎవరిదమ్మా?" అన్నాడు అర్జీ నింపినాయన. ఆధార్‌లో సుషమగా మార్పించుకుంటాను. నా బడి సర్టిఫికెట్టు నీ బీరువాలో చీరల కింద ఉంటుంది, మడత పెట్టకుండా పంపు. మోకాలికి నూనె రాస్తున్నావా, మానేశావా?

నంబరొస్తే గుమ్మం దగ్గర బోర్డు పెట్టాలట. "ఏ పేరు రాయిద్దాం అత్తయ్యా?" అన్నాను. ఆవిడ రెండు ముత్యాలు గుచ్చి, "చోటుంటే హౌసా అని కూడా రాయించు. పుట్టింట్లో నా పేరది" అంది. మామయ్య పేపరు దించి, "హౌసా ఎవరు?" అన్నారు.

పదకొండేళ్ళుగా ఆవిడ ఎదురుగా కూర్చుని ముత్యాలు గుచ్చుతున్నా నేనూ అడగలేదు. నిన్నూ అడగలేదు. పెళ్ళికి ముందు నీ పేరేమిటో సర్టిఫికెట్టుతో పాటు రాసి పంపమ్మా. నాన్నకు నమస్కారాలు.

నీ సుషమ