శిరివెళ్ల కొంగ, మూరెడు లెన్సు

నంద్యాల, 9-2-57

ఇందుమూలంగా ఆళ్లగడ్డలో అలిగి కూర్చున్న నా భార్య ఓబుళమ్మకు తెలియజేయడమేమనగా, మన స్టూడియోలో పిల్లి క్షేమం, నేనూ క్షేమం.

నీ చీరకు దాచిన దుడ్లు పిట్టల ఫోటోల కోసం పాత లెన్సుకు తగలేశానని, అది ఇల్లు కదిలితేగానీ గడప తొక్కనన్నావు. అమ్మిన ఖలందర్ సాహెబును అడిగాను. వెనక్కి తీసుకోనన్నాడు. నేనేం చేసేది?

నిన్న దాన్ని కెమెరాకు తగిలించి శిరివెళ్ల చెరువుకు మోసుకుపోయాను. మూరెడు గొట్టం, భుజం వాచింది. దూరాన ఎర్రకాళ్ల కొంగ దిగింది. నల్లగుడ్డ కప్పుకుని చూస్తుంటే పుల్లయ్య అనే రైతు వచ్చాడు.

“ఏందప్పా, కాలవ కోసం నా చేను కొలుస్తాండావా?”

“కాదన్నా, కొంగను చూస్తాండా.”

“కొంగకు ఇంత ఫిరంగా? యాడా, నన్ను చూడనీ.”

గుడ్డలో తల దూర్చాడు. కెమెరా అద్దంలో ఏదైనా తలకిందులుగానే కనిపిస్తుందని ఆయనకేం తెలుసు? “నా చేను బోర్లా ఏసినాడప్పో” అని అరిచాడు. కొంగ లేచిపోయింది. మంత్రం చదివి చేనును సరిచేశానని చెప్పేదాకా నన్ను కదలనియ్యలేదు.

మీ నాయన మోకాలి నొప్పి తగ్గిందా? బర్రె ఈనిందా? బస్సులో వచ్చేవాళ్లతో నిమ్మకాయ ఊరగాయ పంపించు, హోటలు కూడుతో నోరు చచ్చింది. అత్తకు నమస్కారాలు, పిల్లలకు నా దీవెనలు.

కాగితం అంచున కొంచెం చోటుంది. ఖలందర్ తీసుకోనన్నాడన్నది నేను కల్పించిందే. ఇంకా అడగనేలేదు. ఆ కొంగ ఒక్కటి దొరకనీ, అడుగుతాను.

సుంకన్న