గుట్ట వేరులో తేలినది

అనంతపురం, ఆదివారం

నాయనకు ఈశ్వరి నమస్కారాలు, నేను క్షేమం.

అమ్మను షుగరు మాత్రలు మళ్లీ వేసుకోమని నిన్న ఫోనులో చెప్పాను. కారణం చెప్పడానికి నోరు రాలేదు, అందుకే ఈ కార్డు.

గుట్ట మీది తీగ వేరులో షుగరు తగ్గించే కొత్త మందు దొరికిందని ఉగాదికి వచ్చినప్పుడు నేనే చెప్పాను కదా. మా ల్యాబులో ఆ వేరు నుంచి తీసిన తెల్లటి స్ఫటికాన్ని పరీక్షకు బెంగళూరు పంపాము. దాని మీదికి ఎక్స్‌రేలు పంపి, లోపల అణువులు ఎలా అమరి ఉన్నాయో అక్కడ బొమ్మ గీస్తారు. బొమ్మ మొన్న వచ్చింది. మా ఉమాదేవి మేడం చాలాసేపు చూసి, "ఇది చక్కెర గదమ్మా, మనం కాఫీలో వేసుకునేదే. ఇంట్లో ఎవురికన్నా చెప్పినావా?" అని అడిగారు. లేదని అబద్ధమాడాను. బొమ్మ రాకముందే మందు అనేశాను నాయనా. మాత్రలు మాని అమ్మ ఆ వేరు కషాయం తాగుతుంటే చూసి సంతోషపడ్డాను కూడా.

అమ్మను కళ్యాణదుర్గం తీసుకుపోయి రక్తపరీక్ష చేయించు. ఆమె కాలి పుండు మానిందా? నరసింహులు మామకూ వేర్లు ఇచ్చావు కదా, నా తప్పేనని చెప్పి మాన్పించు. చేనుకు వాన పడిందా?

నిన్న అమ్మ, "నువ్వు చెప్తివని మానేసినా, నువ్వే చెప్తాండావు గదా, మళ్లా వేసుకుంటాలే పాపా" అంది. ఎందుకని ఒక్క మాట అడగలేదు. ఈ కార్డు ఆమెకు చదివి వినిపించు. ఆశీస్సులు అడగడానికి ముఖం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను.

నీ బిడ్డ ఈశ్వరి