ఎదురింటికి వెళ్ళిన ఎండ

దువ్వాడ, 22 మే 1999

వియ్యంకులు అర్జునరావు బావగారికి, ఎదురు గుమ్మం నుంచి అప్పలసూరి నమస్కారాలు. ఇక్కడ మేం క్షేమం. మీ క్షేమం మీ కుక్కరు కూతల వల్ల తెలుస్తూనే ఉంది.

ఉగాదినాటి నుంచి మనకి మాటల్లేవు కనక కాగితం పట్టాల్సి వచ్చింది. కిందటి డిసెంబరులో నా కంటికి శుక్లం తీశారు, వెలుగు చూడొద్దన్నారు. నా ఫ్లాటు బాల్కనీ దక్షిణం వైపు, పొద్దస్తమానం ఎండ. మీది ఉత్తరం వైపు, పగలే దీపం పెట్టుకోవాలి. అక్కడ మీ ఆవిడ, మా చెల్లెమ్మ చిట్టమ్మ, నెత్తళ్ళ చేపలు ఎండడం లేదని ఒకటే గోల. అందుకని ఉగాదికి ముందే ఇళ్ళు మార్చుకున్నాం. నాకు నీడ, మీకు ఎండ. ఇదీ ఒప్పందం.

ఇప్పుడు పొద్దున్నే సూర్యుడు నేరుగా ఈ ఉత్తరం బాల్కనీలోకి వచ్చి కంట్లో పొడుస్తున్నాడు. సాయంత్రం మళ్ళీ వస్తున్నాడు. పోర్టులో సరుకు ఎత్తే వించి తిప్పిన రోజుల్లో గోధుమలని చెప్పి గంధకం దింపిన ఓడని చూశాను. నీడ అని చెప్పి ఎండ దింపిన బావని ఇప్పుడే చూడ్డం.

ఇట్లు,
కళ్ళు మూసుకుని రాస్తున్న అప్పలసూరి

తా.క.: ఈ ఉత్తరం తెచ్చేది ఈశ్వరి. బళ్ళో సోషల్ టీచరు, మీకు కూతురు, నాకు కోడలు, ఇద్దరికీ పోస్టుమేను. అయిదో నెల, కనక జవాబు బరువుగా రాయకండి.

24 మే

అప్పలసూరి బావగారికి అర్జునరావు దణ్ణాలు.

ఎండ మేం అంటగట్టామా? మా బాల్కనీలో ఎండ పొడ కూడా లేదు. పరిచిన నెత్తళ్ళు పరిచినట్టే మెత్తగా పడి ఉన్నాయి. "ఇల్లు మారినప్పుడు మీ బావ ఎండ కూడా మూట కట్టుకుని ఎల్లిపోనాడు" అంటోంది చిట్టమ్మ.

తాపీ మేస్త్రీ కొండలరావుని పిలిచి చూపించాను. "గూడ్సు బళ్ళు రేయింబగళ్ళు పోతంటే నేల అదిరీసి బిల్డింగు తిరిగిపోనాదండి" అన్నాడు. నాకు సబబుగానే తోచింది. ఓడల్ని లాగే టగ్గు పడవ మీద సరంగుగా చేసినవాణ్ణి. లంగరు వేసిన ఓడే తిరుగుతుంది, పునాది వేసిన ఇల్లు తిరగదా? ఇల్లు తిరిగింది కనక ఒప్పందం చెల్లదు. నా ఇల్లు నాకివ్వండి.

ఇట్లు,
నీడలో మగ్గుతున్న అర్జునరావు

తా.క.: నెత్తళ్ళ వాసన గురించి ఉగాదినాడు మీరన్న మాట చిట్టమ్మ మర్చిపోలేదు. నెత్తళ్ళు కూడా మర్చిపోలేదు.

5 జూలై

బావగారూ,

నల్లద్దాలు కొన్నాను. ఎండ అలవాటైపోయింది. ఇల్లు ఇవ్వను.

ఏడో నెల వచ్చింది, ఈశ్వరిని పురిటికి పుట్టింటికి తీసుకెళ్తామని చెల్లెమ్మ కబురు పెట్టింది. సంతోషం. పుట్టిల్లంటే ఏది? ఆ పిల్ల పెళ్ళికూతురై దాటిన గడప ఇప్పుడు నాది. కాలు పెట్టిన గడప మీది. వరండా దాటి పుట్టింటికి బయల్దేరితే అత్తారిల్లు వస్తుంది. ఇలాంటి చిక్కు ఏ పురోహితుడూ తీర్చలేడు, అందుకని నేనే ఒక రూలు పెడుతున్నాను. పసిగుడ్డుకి నీళ్ళు పోశాక లేత ఎండ చూపించాలా, వద్దా? కాబట్టి ఎండ ఏ ఇంట్లో ఉంటే బిడ్డ ఆ ఇంట్లో. సింహాద్రి అప్పన్న సాక్షి.

దాపరికం ఎందుకు, ఆ బిడ్డ మొదట నా చేతుల్లోకి రావాలి.

ఇట్లు,
ఎండ గల అప్పలసూరి

తా.క.: నా వంటగది గోడ కట్టింది కూడా ఆ కొండలరావేనట. గోడ చూశాక, ఆయనకి అన్నీ తిరిగినట్టే ఎందుకు కనిపిస్తాయో తెలిసింది.

16 జూలై

బావగారికి,

టగ్గునాటి దిక్సూచి పెట్టెలోంచి తీసి నాలుగు గదుల్లోనూ పెట్టి చూశాను. బిల్డింగు తిరగలేదు. తప్పు సూర్యుడిదే.

చిట్టమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. కూతురి తొలి పురుడు తను పొయ్యాలని పాత చీరలన్నీ ఉతికి పొత్తిగుడ్డలు చేసింది. అవీ ఆరడం లేదు. తడిగుడ్డలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోంది. కోపాలు మీకూ నాకూ. ఆడవాళ్ళ మధ్యకి ఎండని ఎందుకు తేవడం? ఇల్లు ఇచ్చెయ్యండి. అడుక్కుంటున్నాను.

ఇట్లు,
అర్జునరావు

తా.క.: నేను దిక్సూచి చూస్తుంటే ఈశ్వరి గుమ్మంలో నిలబడి నవ్వింది. కడుపుతో ఉన్న పిల్ల నవ్వితే మంచిదేనని అడగలేదు.

27 జూలై

ప్రియమైన బావగారూ,

మీ ఉత్తరం నా గుండె కరిగించింది. రేపే సామాన్లు మార్చేద్దాం. నా ఉత్తరం బాల్కనీని, అందులో ఎండని, మీకు ధారపోస్తున్నాను. దక్షిణపు చీకట్లో కూర్చుని మీ సుఖం తలుచుకుంటాను. అప్పన్న సాక్షిగా అన్న రూలు మాత్రం రూలే. ఎండ ఎక్కడో, బిడ్డ అక్కడ.

ఇట్లు,
త్యాగి అప్పలసూరి

తా.క.: రేపు ఎండ ఎటు పోతుందో మానవమాత్రులం, మనకేం తెలుసు?

3 అక్టోబరు

బావా,

ఆగస్టు నుంచి ఎండ మెల్లగా మా బాల్కనీలోంచి జారుకుని, ఇప్పుడు పూర్తిగా నీ దక్షిణంలో కాపురం పెట్టింది. నువ్వు ధారపోసింది ఏమిటో తెలిసి ఈశ్వరిని నిలదీశాను.

"భూమి నిటారుగా తిరగదు నాన్నా. ఒక పక్కకి ఒరిగి సూర్యుడి సుట్టూ తిరుగుతాది. మన ఊర్లో మే నుంచి జూలై ఆఖరుదాకా పొద్దు నడినెత్తికి ఉత్తరంగా పోతాది. తరవాత మల్లీ దక్షిణానికి దిగిపోద్ది. మావయ్యకి జూలైలోనే సెప్పీసాను."

"మరి నాకు సెప్పలేదేటే?"

"ఆయన అడిగినాడు. నువ్వు దిక్సూచి సూసుకున్నావు."

సరుకు ఒక పక్కకి ఒరిగిన ఓడని నేను ఏనాడూ రేవు దాటనివ్వలేదు. కాళ్ళ కింద నేలే ఒరిగి తిరుగుతోందని తెలియనే లేదు.

అయినా నీ రూలంటే నాకు గౌరవం. ఎండ ఎక్కడో బిడ్డ అక్కడ. బిడ్డ ఎక్కడో పురుడు పోసే అమ్మమ్మ అక్కడ. చిట్టమ్మ ఎక్కడో నెత్తళ్ళు అక్కడ. అవెక్కడో నేనక్కడ. అందుకే నువ్వు మధ్యాహ్నం కునుకు తీస్తుండగా చాపలతో సహా నీ ఇంట్లో దిగిపోయాం. బాల్కనీలో సగం మొన్న పుట్టిన మనవరాలికి, సగం నెత్తళ్ళకి. మే నెల రాగానే అందరం కలిసి ఎదురింటికి పోదాం, ఆగస్టులో వచ్చేద్దాం.

ఇట్లు,
నీ మంచం చివర కూర్చున్న అర్జునరావు

తా.క.: జవాబు రాయనక్కర్లేదు. నువ్వు పెడుతున్న గురక నాకు వినిపిస్తూనే ఉంది.