కోటు కుట్టినందుకు నిర్వహణ ఫీజు

2వ తేదీ, దుకాణం నుంచి

చిరంజీవి మేనల్లుడికి దర్జీ అత్త దీవెనలు.

ఇక్కడ నేనూ నా మిషనూ క్షేమం. ఇద్దరికీ మోకాళ్ళ దగ్గరే కాస్త కిర్రుమంటోంది, అంతే.

అసలు సంగతికి వస్తాను. మూడేళ్ళ కిందట నువ్వు టై కట్టుకుని మా ఇంటికొచ్చి, "అత్తయ్యా, డబ్బు బీరువాలో పెడితే ఏమొస్తుంది? మా ఫండులో పెట్టు. అందరి డబ్బూ కలిపి భవనాలు కొంటాం, అద్దెలొస్తాయి, పంచుతాం" అన్నావు. నిన్ను ఎత్తుకుని తిరిగిన మనిషిని కదా, నమ్మి ఐదు లక్షలు ఇచ్చాను. మొన్న మీ ఆఫీసు కాయితం వచ్చింది. మొదటి పేజీలో భవనాల విలువ నూటికి పందొమ్మిది పెరిగిందని పెద్ద అక్షరాలతో రాసి, ఒక మేడ బొమ్మా, దాని ముందు నవ్వుతున్న కుటుంబమూ వేశారు. ఆఖరి పేజీలో నా వాటా నాలుగు లక్షల ఎనభై రెండు వేలని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. భవనాలు పెరిగితే నాది తగ్గడమేంట్రా? ఆ నవ్వుతున్న వాళ్ళకి ఇచ్చేశారా?

నాకు ఆ డబ్బు ఇప్పుడు కావాలి. మా దుకాణం ఉన్న భవనాన్ని కొంటామని ఎవరో కంపెనీ వాళ్ళు అడుగుతున్నారు. తమ పేరు చెప్పకుండా, నన్ను ఖాళీ చేయమని లాయరు చేత నోటీసు మీద నోటీసు పంపుతున్నారు. ఇప్పటికి పది వచ్చాయి. మంచి దళసరి కాయితం, కాలర్ల నమూనాలు కత్తిరించుకోవడానికి పనికొస్తోంది. ఇంటాయన మాత్రం, "ఇరవై ఏడేళ్ళుగా ఉంటున్నావు, నెలాఖరులోగా ఐదు లక్షలు బయానా కట్టు, మిగతాది వాయిదాల్లో ఇద్దువు, భవనం నీకే రాస్తాను" అన్నాడు. నెలాఖరుకే నా అద్దె ఒప్పందం కూడా అయిపోతుంది. ఈలోగా కట్టలేకపోతే నేనూ మిషనూ వీధిలో ఉంటాం. అందుకని నా ఐదు లక్షలూ పంపెయ్యి.

ఇట్లు,
అత్త

తా.క.: మీ వార్షిక సమావేశానికి కోటు కావాలన్నావుగా, కొలతలు ముట్టాయి. నడుం కొలత నువ్వే రాశావా, నీ తమ్ముడి కొలత పంపావా?

*

6వ తేదీ, ఆఫీసు నుంచి

పూజ్యురాలైన అత్తయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి సంతోషించాను. మా పెట్టుబడిదారులు ఇంత శ్రద్ధగా ఆఖరి పేజీ దాకా చదవడం మా ఆఫీసులో ఎప్పుడూ జరగలేదు. మేమూ చదవం.

విలువ పెరిగిన మాట నిజమే. అయితే కొన్ని మామూలు ఫీజులుంటాయి. చేరినప్పుడు ప్రవేశ ఫీజు. ఏడాదికి నూటికి రెండు చొప్పున నిర్వహణ ఫీజు. ఇది భవనాల్లో పెట్టిన డబ్బు మీదే కాదు, ఇంకా పెట్టని డబ్బు మీద కూడా, ఎందుకంటే దాన్ని ఎక్కడ పెట్టాలా అని ఆలోచించేది మేమే కదా. భవనం కొన్నప్పుడు కొనుగోలు ఫీజు, అమ్మినప్పుడు అమ్మకం ఫీజు. లాభం నూటికి ఎనిమిది దాటితే, దాటినదాంట్లో అయిదో వంతు మా ప్రతిభకి. ఇవి కాక లాయర్లు, ప్రయాణాలు, కొందామనుకుని కొనలేకపోయిన భవనాల ఖర్చులు, వగైరా. అంతే.

ఇక డబ్బు వెనక్కి తీసుకోవడమంటే, అయిదేళ్ళ గడువు ఉంది. ఇంకా రెండేళ్ళాగాలి. ముందే కావాలంటే నూటికి ఏడు కోత. నువ్వు కంగారు పడి చిన్న దుకాణం కొనడం దేనికి అత్తయ్యా? మా ఫండు ద్వారా నువ్వు ఇప్పటికే పదకొండు భవనాలకి యజమానివి!

కోటు 22కల్లా కావాలి. 23న సమావేశం. పెద్ద మేనేజరుగారి పక్కన కూర్చునేది నేనే.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క.: ఈ ఉత్తరం ఖర్చు నీ ఖాతాలో పడుతుంది. పెట్టుబడిదారులకి సమాచారం అందించే పద్దు కింద. రూలు అత్తయ్యా, నేనేం చెయ్యను.

*

10వ తేదీ, దుకాణం నుంచి

చిరంజీవి మేనల్లుడికి, పదకొండు భవనాల యజమానురాలు దీవించి రాయునది.

నాయనా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇరవై ఏడేళ్ళుగా కుట్టుకూలి అని ఒక్క మాట రాసి, ఒక్క అంకె వేసి బతికిన నా వెర్రితనానికి నాకే నవ్వొచ్చింది. నీ దయ వల్ల వ్యాపారం నేర్చుకున్నాను. నీ కోటు తాలూకు బిల్లు ఇదిగో.

గుడ్డ పుచ్చుకున్నందుకు ప్రవేశ ఫీజు. గుడ్డ ఇక్కడున్నన్నాళ్ళూ నిర్వహణ ఫీజు. కోటు తర్వాత ఆరు చొక్కాలు కూడా కుట్టించుకుంటానని నోరు జారావు గుర్తుందా? వాటి గుడ్డ ఇంకా రాలేదు, అయినా వాటి మీద కూడా ఫీజే, ఎందుకంటే వాటి గురించి ఆలోచిస్తున్నది నేనే కదా. నీ కోటుకి ఇంకా మంచి గుడ్డ దొరుకుతుందేమోనని మూడు కొట్లు తిరిగాను. నచ్చలేదు, కొనలేదు. ఆ ఆటో ఖర్చూ, మధ్యలో తాగిన రెండు టీలూ నీ పద్దులో వేశాను. ఇస్త్రీ పని బయటి మనిషికిచ్చాను. ఆవిడ మా చెల్లెలే అనుకో, అయినా నేను పక్షపాతం చూపించలేదు. ముగ్గురి దగ్గర రేటు అడగాలి కాబట్టి ఆవిడనే మూడుసార్లు అడిగాను.

ఇక ప్రతిభ ఫీజు. కోటు వేసుకున్నాక ఎనిమిది మంది దాకా బాగుందంటే నాకేం వద్దు. తొమ్మిదో మనిషి నుంచి మెచ్చుకున్న ప్రతి మనిషికీ ఇంత అని ఇవ్వాలి. అందరూ ఛీ అంటే నేను నీకేమన్నా ఇవ్వాలా అని అడుగుతావేమో. నువ్విచ్చావా?

ఇంటాయన నిన్న మళ్ళీ వచ్చి గోడలు కొలుచుకుని వెళ్ళాడు. నాకు రాత్రి నిద్ర పట్టలేదురా. డబ్బు సంగతి చూడు.

ఇట్లు,
అత్త

తా.క.: ఈ ఉత్తరం రాయడానికి గంటన్నర పట్టింది. కస్టమరుకి సమాచారం అందించే పద్దులో వేశాను.

*

14వ తేదీ, ఆఫీసు నుంచి

అత్తయ్యకి నమస్కారాలు.

నీ బిల్లు చూసి గుడ్లు తేలేశాను. కోటు ఖరీదు కన్నా ఫీజులు ఎక్కువున్నాయి! ఇదేం న్యాయం? నాన్నకి చూపిస్తే, "మా చెల్లికి చిన్నప్పటి నుంచీ లెక్కల్లో నూటికి నూరు" అని మురిసిపోయారు గానీ నన్ను ఓదార్చలేదు. అమ్మ మాత్రం నీకు వయసు మీద పడి మతి చలించిందేమో, డాక్టరుకి చూపించమంటోంది. నిజం చెప్పు, ఒంట్లో బాగానే ఉందా?

అత్తయ్యా, మాది పెద్ద వ్యవహారం. భవనం విలువ ఎంతో కట్టడానికే ఒక నిపుణుడుంటాడు. ఆయన ఎక్కువ కడితే మా ఫీజు పెరుగుతుందన్న మాట నిజమే. ఆయన్ని పెట్టుకునేది మేమే అన్న మాటా నిజమే. కానీ ఆయన చాలా నిజాయితీపరుడు, ఎప్పుడూ తక్కువ కట్టలేదు.

నీకు అనుమానాలు తీరడం లేదు కాబట్టి ఫండు నిబంధనల పుస్తకం పంపుతున్నాను. ఎనభై నాలుగు పేజీలు. చదువు. చదివాక నువ్వే ఊరుకుంటావు. అందరూ ఊరుకున్నారు.

కోటు మాత్రం మర్చిపోకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఇట్లు,
మేనల్లుడు

తా.క.: పుస్తకం అచ్చు ఖర్చు విడిగా.

*

19వ తేదీ, దుకాణం నుంచి

చిరంజీవికి అత్త దీవెనలు.

మీ అమ్మతో చెప్పు, మతి చలించలేదు, ఇప్పుడే కుదురుకుంటోందని. పుస్తకం ఒక చేతా భూతద్దం ఒక చేతా పట్టుకుని కూర్చున్నాను. పై అంతస్తులో గడియారాలు బాగుచేసే ఆయనది ఆ భూతద్దం. పాపం ఆయన గడియారాలన్నీ మూలబడ్డాయి. మధ్యమధ్య దిగొచ్చి "ఇవాళ ఎన్నో పేజీ?" అని అడుగుతున్నాడు. ఇద్దరం కలిసి యాభై రెండో పేజీకి చేరాం. పెట్టుబడిదారు అడిగితే "వగైరా"లో ఏమేమున్నాయో విడివిడిగా రాసివ్వాలని నలభై మూడో పేజీలో ఉంది. అడుగుతున్నాను. రాసివ్వు.

కోటు పంపుతున్నాను. విప్పగానే అరవకు. కుడి చెయ్యి ఉంది. ఎడమ చెయ్యి గడువులో ఉంది. రెండేళ్ళాగితే ఇస్తాను, ముందే కావాలంటే నూటికి ఏడు కోత. అంటే మణికట్టు దగ్గర నాలుగు వేళ్ళ మందం తగ్గుతుంది. నీ ఇష్టం.

ఇంకో పదకొండు రోజులే ఉన్నాయి నాయనా. నవ్వుతూ రాస్తున్నానని నవ్వులాటనుకోకు. ఈ దుకాణం పోతే ఈ వయసులో కొత్త వీధికి వెళ్ళి, నేను దర్జీనని ఎంతమందికి చెప్పుకుంటూ తిరగను?

ఇట్లు,
అత్త

తా.క.: పదకొండో నోటీసు వచ్చింది. ఈసారి అందులో నన్ను "సదరు ఆక్రమణదారు" అన్నారు. ఆ కాయితంతో నీ కోటు జేబు నమూనా కత్తిరించాను.

*

24వ తేదీ, ఆఫీసు నుంచి

అత్తయ్యా,

నా పరువు తీశావు. వేరే కోటు కొనడానికి టైము లేక అదే భుజాల మీద కప్పుకుని సమావేశానికి వెళ్ళాను. పెద్ద మేనేజరుగారు లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చారు, కోటు జారింది, సభ యావత్తూ నా ఎడమ వైపు చూసింది. "చెయ్యేదయ్యా?" అన్నారాయన. "గడువులో ఉందండీ" అన్నాను. ముందు వరసలో ఒక ముసలాయన పగలబడి నవ్వి, "అయితే మా డబ్బు దగ్గరే ఉండి ఉంటుంది" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు అందరూ ఫీజుల గురించే అడిగారు. మా చరిత్రలో మొదటిసారి సమావేశం మధ్యాహ్నం భోజనం దాటింది.

సరే, నువ్వడిగిన వగైరా పట్టిక ఫైలులోంచి ఎత్తి రాస్తున్నాను. అందులో పెద్దది ఒకటే, కొనలేకపోయిన భవనం. దానికి ఫైలులో పదిహేడో నంబరు అని తప్ప పేరుండదు, కొనుగోలు వ్యవహారం మా విభాగం చూడదు. పాత రెండంతస్తుల భవనం. ఓనరు మెత్తబడ్డా, కింద అద్దెకున్న ఆడమనిషి కదలనంటోందట. లాయరు చేత పదకొండు నోటీసులు పంపితే ఒక్కదానికీ జవాబు లేదు. ఆవిడ సంగతి కనుక్కోవడానికి పంపిన మనిషి పంట్లాం బిగించమని ఇచ్చి తిరిగొచ్చాడట! ఎంత బండ మనిషో చూడు. లాయరు ఫీజు, ఆ మనిషి ప్రయాణం, పంట్లాం బిగింపు, అన్నీ కలిపి పెట్టుబడిదారులందరికీ పంచాం. నీ వాటాకి నాలుగు వేల రెండొందలు పడింది.

కానీ దిగులు పడకు. ఆ భవనం ఇంకా చేజారిపోలేదు. నెలాఖరుకి ఆవిడ ఒప్పందం అయిపోతుందట. అప్పుడు గెంటేసి కొనేస్తాం. నీకూ లాభమే.

రేపు ఊరెళ్తున్నాను, మరో భవనం చూడాలి. 30న వస్తాను.

ఇట్లు,
ఒంటి చేతి మేనల్లుడు

తా.క.: కోటు బాగుందని పద్నాలుగు మంది అన్నారు. చెప్పకూడదనుకున్నాను.

*

30వ తేదీ, దుకాణం నుంచి

చిరంజీవి మేనల్లుడికి బండ మనిషి దీవించి రాయునది.

నీ ఉత్తరం చదివి, కాలర్ల కోసం కత్తిరించిన నోటీసు ముక్కలన్నీ తీసి లెక్కపెట్టాను. తర్వాత పై అంతస్తాయన్ని పిలిచి చదివి వినిపించాను. ఆయన భూతద్దం తీసి, "ఇదేమిటమ్మా, నిన్ను గెంటెయ్యడానికి లాయరు ఫీజు నువ్వే కట్టావా?" అన్నాడు. అవున్రా. నేనే కట్టాను. ఇంత దళసరి కాయితం వాడుతున్నారే, ఎవరో డబ్బున్న వాళ్ళని అనుకున్నాను. అది నా డబ్బే! ఆ పంట్లాం నేనే బిగించాను, ఆ కూలి నాకు నేనే ఇచ్చుకున్నాను.

నువ్వు నా ఖర్చుతో ఊరెళ్ళావు కదా, మొన్న నేనే మీ ఆఫీసుకి వెళ్ళాను. తిన్నగా పెద్ద మేనేజరుగారి గదిలోకే నడిచాను. పన్నెండో నోటీసు ఆ పొద్దున్నే వచ్చింది, ఇంకా కత్తెర పెట్టలేదు. దాన్ని బల్ల మీద పెట్టాను. పక్కన నీ పట్టిక పెట్టాను. ఆ పక్కన మీ పుస్తకం అరవై ఒకటో పేజీ తెరిచి పెట్టాను. ఫండు కొనబోయే ఆస్తితో పెట్టుబడిదారుకి సొంత సంబంధం ఉంటే ఫండు వాళ్ళు ఆ మనిషికి ముందుగా చెప్పాలి, చెప్పకపోతే ఆ మనిషి ఏ కోతా లేకుండా కట్టిన సొమ్మంతా వెంటనే తీసుకోవచ్చు అని ఉంది. ఆయన చదివాడు. లాయరుని పిలిచాడు. లాయరు చదివి, ఇలాంటి పేజీ ఒకటుందని తనకి తెలియదన్నాడు. ఆ పేజీ రాసినందుకు ఆయన ఎంత ఫీజు తీసుకున్నాడో పట్టికలో ఉంది, చూపించాను.

మధ్యాహ్నానికి చెక్కు ఇచ్చారు. ఐదు లక్షలూ, ఒక్కటి తగ్గకుండా. బయటికొచ్చి మీ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కాపలా అతను మంచినీళ్ళిచ్చి, పైసా అడగలేదు. మీ ఆఫీసులో ఫీజు లేని పని అదొక్కటే చూశాను.

నీ మీద కోపం వచ్చింది, చాలా వచ్చింది. నీకు తెలిసి చెయ్యలేదని తెలుసు. కానీ ఆ కింది అంతస్తు ఆడమనిషి నేను కాకపోతే మాత్రం, వీధిన పడేది ఎవరో ఒకరి అత్తే కదరా? అది ఆలోచించు. ఎడమ చెయ్యి కుట్టి పంపుతున్నాను, ఫీజు లేదు.

ఇట్లు,
అత్త

తా.క.: నిన్న సాయంత్రం బయానా కట్టి సంతకాలు పెట్టాం. పదమూడో నోటీసు పంపాలనుంటే ఇకమీదట అద్దెదారుకి కాదు, ఇంటి ఓనరుకి పంపమని మీ లాయరుతో చెప్పు. చిరునామా మారలేదు.