చివరి బ్లాకుకు వేడినీళ్లు

12 జనవరి 2017, గురువారం

ఈరోజు పొద్దున్న మా కార్మికుల క్యాంపులో డీజిల్ బాయిలర్ ఆపేసి, మిద్దె మీది సోలార్ పలకల్లో నిన్న కాగిన నీళ్లను పైపుల్లోకి వదిలాం. మా బ్లాకు పైపులైనుకు చిట్టచివర. అందుకే బాయిలర్ చూసే మల్లన్న కూడా రోజూ నల్లా విప్పి, పళ్లు తోముకొచ్చాకే బకెట్ పెడతాడు, అప్పటిదాకా చల్లనీళ్లే. ఇవాళా అలాగే విప్పి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి స్నానాలగదంతా ఆవిరి. నీళ్లలో చెయ్యి పెట్టి చటుక్కున లాక్కున్నాడు.

“గింత జల్ది ఎట్లొచ్చినయ్ తమ్మీ?”

వేడి పోకుండా పైపులకు తొడుగులు వేసింది నేనే. సంతోషం పట్టలేక బ్లాకంతా తిరిగి చెప్పొచ్చాను.

స్నానం చేసొచ్చి మల్లన్న మెల్లగా అడిగాడు: “నీళ్లు మంచిగున్నయ్. మరి రేపట్నుంచి నాకేం పని?”

పలకల మీద దుమ్ము తుడవడానికి మనిషి కావాలి. ఆ పని మల్లన్నకే ఇమ్మని మా క్యాంపు మేనేజర్ని, అదే ఇక్కడి మాటలో ముదీర్‌ని, అడగాలి, వింటాడో లేదో...

ఇప్పుడు రాత్రయింది, మల్లన్న పడుకున్నాడు. బాయిలర్ గది తాళంచెవి ఇంకా మొలతాడుకే ఉంది.